చక్రాలున్న ఇల్లు సరే, ఆపేదెక్కడ?

ఈ మధ్య ఏ వాట్సాప్ గ్రూపులో చూసినా ఒకటే మాట. "ఈ ఈఎంఐలు, ఈ అద్దెలు మన వల్ల కాదు బాస్, ఒక ఆర్వీ కొనుక్కుని అందులోనే ఉండిపోదాం" అని. ఆర్వీ అంటే తెలుసుగా, మంచం, పొయ్యి, టాయిలెట్ అన్నీ ఉన్న బండి. అమెరికాలో ఉన్నవాళ్లు బే ఏరియా అద్దెలు చూసి అంటున్నారు, ఇక్కడున్నవాళ్లు గచ్చిబౌలి ఫ్లాట్ల రేట్లు చూసి అంటున్నారు. యూట్యూబులో కొండ పక్కన బండి ఆపి లాప్‌టాప్ తెరిచినవాణ్ణి చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, తప్పేం లేదు.

నాదొకటే సందేహం. బండి సరే, ఈ రాత్రికి ఆపేదెక్కడ? వచ్చే నెల ఎక్కడ?

నేను పెరిగింది నస్పూర్‌లో, సింగరేణి క్వార్టర్లో. చౌకగా దొరికే ఇంటి వెనక షరతు ఏముంటుందో మా కాలనీలో పిల్లలకి కూడా తెలుసు. అందుకే ఈ సందేహం. ఆ సంగతి కాసేపట్లో చెప్తా, ముందు అమెరికా లెక్క చూద్దాం.

అక్కడ ఫుల్‌టైమ్ ఆర్వీవాళ్లకి చవకైన చోట్లు నిజంగానే ఉన్నాయి. అరిజోనాలో క్వార్ట్‌జైట్ అనే ఊరి పక్కన ఎడారిలో ప్రభుత్వ భూమి ఉంది. బీఎల్ఎం అనే శాఖ దాన్ని చూసుకుంటుంది. అక్కడ సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, అంటే ఏడు నెలలు, ఉండటానికి పర్మిట్ 180 డాలర్లు. నెలకి 26 డాలర్లు కూడా పడదు! నీళ్లు పట్టుకోవచ్చు, మురుగు ట్యాంకు ఖాళీ చేసుకోవచ్చు. కరెంటు మాత్రం మీ సోలార్ పలకలే. ఇదే శాఖ భూముల్లో చాలాచోట్ల ఊరికే కూడా ఉండనిస్తారు, కానీ మామూలుగా 14 రోజులే. తర్వాత బండి కదలాల్సిందే.

మరి మిగతా ఐదు నెలలో? ఎండాకాలం ఆ ఎడారి మన నస్పూర్ మే నెలకి అన్నలాంటిది. రేకుడబ్బాలాంటి బండిలో కూర్చుని స్టాండప్ కాల్‌లో మాట్లాడటం అయ్యే పని కాదు.

పోనీ ఊళ్లోనే రోడ్డు పక్కన ఆపుకుందామా అంటే, ఆ దారి మూసుకుపోతోంది. గూగుల్ ఆఫీసున్న మౌంటెన్ వ్యూలోనే, ఇరుకు వీధుల్లో ఆర్వీలు ఆపకుండా 2020 నవంబరులో జనమే ఓటేశారు. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, వేరే ఆశ్రయం లేకపోయినా సరే, బహిరంగ స్థలాల్లో మకాం పెట్టినవాళ్లకి నగరాలు శిక్ష వేయొచ్చని చెప్పింది. 2025లో శాన్‌ఫ్రాన్సిస్కో పెద్ద బండ్లకి రెండు గంటల పార్కింగ్ పరిమితి పెట్టింది. అద్దె కట్టలేక బండెక్కిన మనిషిని రెండు గంటలకోసారి లెమ్మంటే ఎక్కడికని పోతాడు?

ఇంకో మార్గం ఉంది. పనిచేస్తే స్థలం ఫ్రీ. క్యాంపుగ్రౌండ్ చూసుకుంటే నీళ్లు, కరెంటుతో చోటిస్తారు. అమెజాన్ కూడా 2008లో క్యాంపర్‌ఫోర్స్ అని ఒక పథకం మొదలుపెట్టింది. పండగ సీజన్లో గోదాముల్లో పనిచేసే ఆర్వీ జనానికి క్యాంపు అద్దె కంపెనీయే కట్టేది. తర్వాత దాన్ని ఎత్తేశారు.

ఇది చదువుతుంటే నాకు మా కాలనీయే కళ్లముందు తిరిగింది. ఉద్యోగంతో ఇల్లు, ఉద్యోగం పోతే ఇల్లు లేదు. మా శ్రీరాంపూర్, నస్పూర్ వైపు బాయి పనికి పోయేవాళ్ల కథంతా ఇదే కదా. క్వార్టర్లో నీళ్లకీ కరెంటుకీ వెతుక్కోనక్కర్లేదు. దవాఖాన, బడి అన్నీ దగ్గరే. కానీ రిటైరైతే తాళంచెవి ఇచ్చెయ్యాలి. నియమం నియమమే, నేను తప్పుపట్టడం లేదు. వెనకొచ్చే కార్మికుడికి ఇల్లు కావాలిగా. మా బాపు మాత్రం "బిడ్డా, ఇది మన ఇల్లు కాదు, మన డ్యూటీ ఇల్లు" అనేటోడు.

అందుకే కోల్‌బెల్టులో జనం ఏం చేశారంటే, ఖాళీ జాగాలో ముందు రేకుల షెడ్డు, తర్వాత గోడలు, అలా కట్టుకుంటూ పోయారు. పట్టా లేదు. ఎప్పుడు ఎవరొచ్చి లెమ్మంటారో తెలీదు. అలా దశాబ్దాలు గడిచాక, సింగరేణి ప్రభుత్వానికి తిరిగిచ్చిన భూముల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్ల కోసం 2019లో జీవో 76 వచ్చింది. ఇల్లు కట్టడం వాళ్లకి పెద్ద కష్టం కాలేదు. ఆ జాగాలో ఉండొచ్చు అన్న కాగితం కోసమే ఇన్నేళ్లు పట్టింది.

ఆర్వీకైనా ఇదే లెక్క. బండికి ఒక్కసారి డబ్బు పెడితే అయిపోతుంది. చోటుకి మాత్రం రోజూ బేరమే.

ఇక హెచ్1బీ మీదున్న మిత్రులకి ప్రత్యేకంగా ఒక మాట. మీరు కదిలే ఇంట్లో ఉన్నా మీ వీసా కదలదు. అడ్రసు మారిన 10 రోజుల్లోపు ఏఆర్-11 నింపాలి, గ్రీన్‌కార్డు వాళ్లకి కూడా ఇది తప్పదు. అంతకన్నా పెద్ద చిక్కు పనిచేసే చోటుది. 2015లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ నిర్ణయం ప్రకారం, పనిచేసే చోటు ఆ నగర పరిధి దాటి మారితే కంపెనీ సవరణ పిటిషన్ వెయ్యాలి. కొద్దిరోజుల పనికి మినహాయింపులున్నాయి గానీ, ఏడాది పొడుగునా రాష్ట్రాలు తిరుగుతూ కోడ్ రాస్తానంటే మీ హెచ్ఆర్ ఒప్పుకోరు. ఉద్యోగం పోతే ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువు. మా క్వార్టరుకీ మీ వీసాకీ తేడా ఏముంది చెప్పండి :)

మరి మన దగ్గర? కేరళ 2021లో కారవాన్ టూరిజం పాలసీ తెచ్చింది, వాగమన్‌లో పార్కు కూడా వచ్చింది. అవి రెండ్రోజులు సరదాగా ఉండటానికి. కాపురానికి కాదు. నస్పూర్‌లో బండి పెట్టి ఉంటానంటే కరెంటు మీటరుకి జాగా కాగితం అడుగుతారు. నల్లాకి ఇంటి నంబరు అడుగుతారు. అవన్నీ ఉన్నవాడికి బండెందుకు? గచ్చిబౌలిలో ఒక గదికిచ్చే అద్దెతో ఇక్కడ గోడలున్న ఇల్లే దొరుకుతుంది, నెట్ కూడా బానే వస్తుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్నవాళ్లు దీన్ని ఎందుకు ఆలోచించరో నాకర్థం కాదు.

ఆర్వీ వద్దని నేననను. సిటిజన్‌షిప్ ఉండి, ఎక్కడినుంచైనా పనిచేయనిచ్చే కంపెనీ ఉండి, చేతిలో కొంత నిల్వ ఉంటే హాయిగా వెళ్లండి. కానీ బండి షోరూముకి వెళ్లేముందు మూడు ప్రశ్నలకి జవాబు కాగితం మీద రాసుకోండి. ఆపే చోట ఎన్ని రోజులు ఉండనిస్తారు? ఉత్తరాలు ఏ అడ్రసుకొస్తాయి? ఉద్యోగం పోయిన మర్నాడు బండి ఎక్కడుంటుంది?

మూడోదానికి జవాబు దొరకలేదంటే మీరు కొనబోయేది చక్రాలున్న క్వార్టరే. ఏమంటారు?