నంబరు గీకొద్దు

పాత రోల్స్ రాయిస్ షెడ్డుకొస్తే అందరూ ముందు రేడియేటరు మీది బొమ్మ చూస్తారు. బొమ్మ ఎవరైనా బిగించొచ్చు. చూడాల్సింది ఛాసిస్ నంబరు. 1939కి ముందు కంపెనీ ఛాసిస్, ఇంజను మాత్రమే అమ్మేది; బాడీ బార్కర్, హూపర్ లాంటి వేరే షాపులు కట్టేవి. పైన రేకు, లోపల కర్ర చట్రం. పెయింటు ఎంత మెరిసినా తలుపు తెరిచి చూడండి, కిందికి జారితే కర్ర కుళ్లిందేమో అనుమానించాలి.

పని నేర్చుకునే రోజుల్లో తుప్పనుకుని ఒక బండి నంబరు గ్రైండరుతో గీకేశాను. మేస్త్రీ తిట్టలేదు. "ఇప్పుడిది ఏ బండిరా?" అన్నాడంతే. కొనడానికొచ్చినాయన నంబరు లేదని బేరం వదిలేసి పోయాడు.

ఇప్పుడు మా కుర్రాళ్లకి ముందు కిరోసిన్ గుడ్డే ఇస్తాను. మెల్లగా తుడిచి సుద్దముక్క రుద్దితే లోతున్న అంకెలు తెల్లగా తేలతాయి. గ్రైండరు నా బీరువాలోనే ఉంటుంది.