ఫ్యూజీ - జిరాక్స్: ఎవరి డబ్బుతో ఎవరి పెళ్ళి?

నల్లకుంట నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ దాకా నడిస్తే కోచింగ్ సెంటర్లు ఎన్నో జిరాక్స్ షాపులూ అన్ని. చాలా బోర్డుల మీద "పాస్‌పోర్ట్ ఫొటోలు, జిరాక్స్, లామినేషన్" అని ఒకే వరసలో ఉంటుంది. గ్రూప్స్‌కి అప్లై చేసేవాడికి ఫొటో, కాపీ రెండూ కావాలి కదా, అందుకని ఫొటో స్టూడియో వాళ్ళు పక్కన ఒక మెషిన్ పెట్టేసుకున్నారు. బ్యాంకర్లు, లాయర్లు లేకుండా జరిగిపోయిన విలీనం అన్నమాట :)

ఇదే పని ప్రపంచ స్థాయిలో చెయ్యబోయి ఫ్యూజీఫిల్మ్, జిరాక్స్ 2018లో కోర్టుకెక్కాయి. ఆ కథ మన ఐటీ వాళ్ళు తెలుసుకోవాల్సిందే అని నా అభిప్రాయం. ఆఫీసు మెయిల్లో "మెర్జర్" అన్న మాట కనబడగానే మనం మొదట అడిగేది "నా ప్రాజెక్టు ఉంటుందా, పోతుందా?" అని. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది.

ముందు కాస్త ఫ్లాష్‌బ్యాక్. అసలు జిరాక్స్ పుట్టిందే ఫొటోల వ్యాపారంలోంచి. 1906లో కొడాక్ ఊరైన రోచెస్టర్‌లో ఫొటో కాగితం తయారుచెయ్యడానికి మొదలైన హాలాయిడ్ కంపెనీయే తర్వాత జిరాక్స్ అయింది. చెస్టర్ కార్ల్‌సన్ 1938లో కనిపెట్టిన పద్ధతిని పట్టుకుని, 1959లో 914 అనే మెషిన్ తెచ్చి ఆఫీసుల్ని మార్చేసింది. 1962లో ఫ్యూజీతో చెరిసగం వాటాలతో జపాన్‌లో ఫ్యూజీ జిరాక్స్ మొదలైంది. 2001లో డబ్బుకి కటకటై జిరాక్స్ తన వాటాలో సగం అమ్ముకుంది. దాంతో ఫ్యూజీ వాటా 75 శాతం అయింది.

ఇక అసలు సంగతి. 2018 జనవరి 31న ప్రకటించిన ఒప్పందం ప్రకారం జిరాక్స్‌లో 50.1 శాతం ఫ్యూజీకి వెళ్తుంది. దానికి ఫ్యూజీ జేబులోంచి తీసేది? సున్నా! ఎలాగంటే, మీకూ మీ అన్నయ్యకీ ఉమ్మడి షాపు ఉందనుకోండి. మీ వాటా ముప్పావు. షాపు పేరు మీద బ్యాంకులో అప్పు తీయించి, మీ వాటాని షాపుకే అమ్మేశారు. వచ్చిన డబ్బుతో మీ అన్నయ్య సొంత వ్యాపారంలో సగానికి పైగా కొనేశారు. ఆ ఉమ్మడి షాపు ఇప్పుడు పూర్తిగా ఆ వ్యాపారం కిందికే వస్తుంది. అప్పు మాత్రం కొత్త సంసారం నెత్తిన! ఆ అప్పు 6.1 బిలియన్ డాలర్లు. జిరాక్స్ వాటాదార్లకి ఇస్తామన్న 2.5 బిలియన్ల ప్రత్యేక డివిడెండ్ దీనికి అదనం. ఏడాదికి కనీసం 1.7 బిలియన్లు ఆదా అన్నారు. అదే రోజు ఫ్యూజీ జిరాక్స్‌లో 10,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. "సినర్జీ" అన్న మాటకి తెలుగు అర్థం ఇదే.

కార్ల్ ఐకాన్, డార్విన్ డీసన్ అనే ఇద్దరు పెద్ద వాటాదార్లు అడ్డం తిరిగారు. జిరాక్స్ సీఈఓ జెఫ్ జాకబ్సన్‌ని మార్చాలని బోర్డులో కదలిక ఉన్న సమయంలోనే ఆయన ఈ బేరం నడిపాడు. బేరం కుదిరితే కొత్త కంపెనీకీ ఆయనే సీఈఓ. ఈ స్వప్రయోజనాన్ని తప్పుబట్టి న్యూయార్క్ జడ్జి ఏప్రిల్‌లో డీల్ ఆపారు. మే 13న జిరాక్స్ ఒప్పందం రద్దు చేసుకుంది.

మన హైదరాబాద్ వాళ్ళకి ఇది చదువుతుంటే సత్యం గుర్తుకు రావాలి. 2008 డిసెంబర్ 16న రాజుగారి కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలని 1.6 బిలియన్ డాలర్లకి కొంటామని సత్యం బోర్డు ప్రకటించింది. వాటాదార్లు గొడవ చేస్తే గంటల్లోనే వెనక్కి తగ్గింది. అసలు ఆ కొనుగోలు ఎందుకో 2009 జనవరి 7 ఉత్తరంలో తెలిసింది: లేని ఆస్తుల చోట ఉన్నవి పెట్టడానికి! జిరాక్స్‌లో అలాంటి మోసం లేదు, రెండూ ఒకటని నేననట్లేదు. కానీ రెండుచోట్లా ఒకే ప్రశ్న పనికొచ్చింది: ఈ బేరం వల్ల ఎవరి కుర్చీ నిలబడుతోంది?

అలాగని ఐకాన్‌ని హీరో చెయ్యక్కర్లేదు. గెలిచాక ఏం చేశారు? 2019 నవంబర్లో ఫ్యూజీ జిరాక్స్‌లో మిగిలిన 25 శాతం వాటానీ, ఇంకొన్ని వాటాల్నీ కలిపి 2.3 బిలియన్లకి ఫ్యూజీకే అమ్మేశారు. అదే నెలలో తనకంటే ఎంతో పెద్దదైన హెచ్‌పీని కొంటానని జిరాక్స్ బయల్దేరి, 2020 మార్చిలో విరమించుకుంది. 2025లో లెక్స్‌మార్క్‌ని కొంది. కాగితం మీద ముద్రలు తగ్గుతుంటే, ముద్రలు వేసే ఇంకో కంపెనీ! ఆల్టో కంప్యూటర్, ఈథర్‌నెట్, లేజర్ ప్రింటర్ తన ల్యాబ్‌లోనే పుట్టిన కంపెనీ ఇలా ఎప్పుడూ సంబంధాలు వెతుక్కుంటూ తిరగడం చూస్తే బాధేస్తుంది.

ఫ్యూజీ తిండి కూడా ఒకప్పుడు ఫిల్మ్ రీళ్ళ మీదే. అవి పోయాక "మా చేతిలో ఉన్న విద్య ఏమిటి?" అని అడుక్కుంది. ఫిల్మ్‌లో కొల్లాజెన్ ఉంటుంది, రంగు వెలిసిపోకుండా కాపాడే కెమిస్ట్రీ ఉంటుంది. వాటితో 2007లో ముఖానికి రాసుకునే క్రీములు తెచ్చింది. 2008లో టొయామా కెమికల్ అనే మందుల కంపెనీని కొంది. 2020లో కోవిడ్‌కని మన డాక్టర్ రెడ్డీస్ అమ్మిన అవిగాన్ బిళ్ళ ఆ టొయామాదే. ఆ మందు కోవిడ్‌కి పెద్దగా పనిచెయ్యలేదు, అది వేరే సంగతి. ఫ్యూజీ కూడా కంపెనీలు కొంది, కానీ తనకి తెలిసిన విద్యకి కొనసాగింపుగా కొంది. తేడా అక్కడుంది.

కాబట్టి ఈసారి టౌన్‌హాల్‌లో మెర్జర్ స్లైడ్లు వేస్తే మూడు అడగండి. నగదు ఎవరి జేబులోంచి వస్తోంది? అప్పు ఎవరి నెత్తిన పడుతోంది? పైన ఎవరి కుర్చీ మిగులుతోంది? ఈ మూడింటికీ జవాబు రాకపోతే, సినర్జీ అంటే మనమే అని అర్థం చేసుకుని రెజ్యూమె దుమ్ము దులపడం మంచిది. ఏమంటారు?