పళ్ళు తెల్లబరచుకునే ముందు - కతర్‌గామ్‌లో ఒక బేరం

పోయిన నెల సూరత్ వెళ్ళాను. మా చెల్లెలి కొడుకు అక్కడ కతర్‌గామ్‌లో మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తున్నాడు. సూరత్‌లో మనవాళ్ళనగానే లింబాయత్, ఉధ్నా పేర్లే వినిపిస్తాయి కాని, కతర్‌గామ్ జీఐడీసీలోనూ మగ్గాలున్నాయి. వాటి చుట్టూ వజ్రాల సానపట్టే కార్ఖానాలు. మా వాడి గది కూడా ఒక వజ్రాల పనివాడి ఇంటి పైనే.

గదికి వెళ్ళేసరికి మా వాడు ఒక రంగుల కరపత్రం నా చేతిలో పెట్టాడు. అదే వీధిలో ఒక సెలూన్ వాళ్ళది. అరగంటలో ముత్యాల్లాంటి పళ్ళు, మూడు వేలు. "మామా, చేయించుకుందునా? వచ్చే నెల పిల్లను చూడబోవాలె" అన్నాడు.

వాడి బాధ నాకు తెలుసు. మాది మర్రిగూడ వైపు. వాడు 1998లో పుట్టాడు, అంటే ఇంటింటికీ మంచినీళ్ళ పైపులు రావడానికి చాలా ముందు. బోరు నీళ్ళు తాగి పెరిగాడు. ముందరి పళ్ళ మీద సుద్దలాంటి తెల్లమచ్చలు, వాటిమీద గోధుమరంగు చారలు. ఊళ్ళో ఉన్నప్పుడు అందరివీ అవే పళ్ళు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. సూరత్‌లో మాత్రం చూసినవాడల్లా "గుట్కా మానెయ్" అని సలహా ఇస్తాడు. గుజరాత్‌లో గుట్కాను 2012లోనే నిషేధించారు, అయినా అది ఎలా దొరుకుతుందో మీకు తెలియనిది కాదు. మా వాడు వక్కపలుకు కూడా నోట్లో వేసుకోడు. వరంగల్ నుంచి వచ్చిన ఒక సంబంధం "పిల్లగానికి అలవాట్లున్నట్టున్నయి" అన్న మాటతో పోయింది.

పళ్ళ రంగు చూసి నడవడిక చెప్పడం, అరచెయ్యి చూసి ఆయుష్షు చెప్పడం, ఈ రెంటికీ తేడా ఏమిటి? జాతకాలు నమ్మం అని చెప్పుకునే మిత్రులు కూడా మొదటిది నిరభ్యంతరంగా చేస్తారు.

ఇక ఆ మూడు వేల సంగతి. అసలు ఏ మచ్చను తీసేస్తామంటున్నారు? ఇది ఎవరూ అడగరు. టీ, పొగాకు, వక్క వల్ల వచ్చే మరక పంటి పైన ఉంటుంది. దాన్ని పళ్ళ డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది, తెల్లబరచే మందు అక్కర్లేదు. (శుభ్రం చేయిస్తే పళ్ళు వదులవుతాయని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. చిగురు కింద పేరుకున్న గార పోయాక ఖాళీ కనిపిస్తుంది, అంతే. పంటిని వదులు చేసేది ఆ గారే.) వయసుతో వచ్చే పసుపు వేరే. పైనున్న ఎనామిల్ అరుగుతుంది, దాని కిందనున్న డెంటిన్ సహజంగానే పసుపు, అది బయటికి కనిపిస్తుంది. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మందులు వాడినవాళ్ళ పళ్ళ బూడిదరంగు ఇంకో రకం. అది ఒక పట్టాన లొంగదు.

మా వాడిది వీటిలో ఏదీ కాదు, ఫ్లోరోసిస్. మన దేశంలో దీన్ని వైద్యులు గుర్తించి రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో విడదీసే పద్ధతికి నాగపూర్ నీరి శాస్త్రవేత్తలు నల్గొండ పేరే పెట్టారు. మన జిల్లా పేరు ప్రపంచమంతా తెలిసింది ఇలాగన్నమాట! తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు ఫరవాలేదనీ మన జాతీయ ప్రమాణం. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగిన పిల్లలకు, చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడే ఎనామిల్ సరిగా గట్టిపడదు. ముందరి పళ్ళ విషయంలో ఇదంతా ఎనిమిదేళ్ళ లోపు జరిగిపోతుంది. పన్ను బయటికి వచ్చేటప్పుడు సుద్దలా తెల్లగానే వస్తుంది. ఆ గుల్ల ఎనామిల్ తర్వాత రంగు పీల్చుకుని గోధుమరంగుకు తిరుగుతుంది. అంటే మా వాడి పళ్ళమీద కనిపించేది వాడు తిన్నదేదో కాదు, ప్రభుత్వాలు వాడికి ఇవ్వని నీళ్ళు.

సెలూన్‌కు వాడితో నేనూ వెళ్ళాను. లోపలున్న కుర్రాడు మర్యాదస్తుడే. పళ్ళ మీద జెల్ పూసి నీలం దీపం పెడతామన్నాడు. జెల్‌లో ఏముంది, ఎంత శాతం అంటే డబ్బా చూపించాడు. దానిమీద శాతం లేదు. "హెర్బల్ సార్" అన్నాడు.

పంటి రంగును లోపలినుంచి మార్చే ఈ జెల్‌లలో పనిచేసేది సాధారణంగా హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదా దాన్ని విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. పది శాతం కార్బమైడ్ అంటే దాదాపు మూడున్నర శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సమానం. 2011 నాటి యూరప్ నిబంధన ప్రకారం 0.1 శాతం దాటి 6 శాతం దాకా ఉన్నది దంతవైద్యుల చేతికే ఇవ్వాలి, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు వాడకూడదు. ఇది మన చట్టం కాదు. కాని రసాయనం సూరత్‌లో ఒక రకంగా, ప్యారిస్‌లో ఒక రకంగా పనిచెయ్యదు కదా. పిప్పిపన్ను ఉన్నా, చిగుళ్ళు దిగి వేరు బయటపడినా ఆ మందు జివ్వుమనిపిస్తుంది. చిగురుకు తగిలితే కాలుతుంది. ముందుగా నోరు తెరిపించి చూడాలని చెప్పేది ఇందుకే. సెలూన్ కుర్రాడు మా వాడి నోరు చూడనే లేదు. పంటికి తొడిగిన క్యాపు, నింపిన సిమెంటు ఎంత మందు పూసినా తెల్లబడవు. చుట్టూ ఉన్నవి తెల్లబడి అదొక్కటే పచ్చగా మిగులుతుంది.

నీలం దీపం గురించి చాలా పరిశోధనలు జరిగాయి. జెల్ ఒక్కటే వాడినదానికంటే దీపం వల్ల అదనంగా నిలిచే లాభం కనబడలేదు. ఆ కాసేపు నోరు తెరిచి ఉంచడంతో పన్ను తడి ఆరి, తెల్లగా అవుపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తడి తిరిగి రాగానే ఆ తెలుపు కొంత వెనక్కి పోతుంది. ఈలోగా ఫోటో తీసేస్తారు.

సాయంత్రం కింది ఇంటి వజ్రాల పనివాడికి ఈ కథ చెబితే పడి పడి నవ్వాడు. వజ్రం రంగు తేల్చాలంటే వాళ్ళు రాయిని తెల్ల కాగితం మడతలో బోర్లా పెట్టి, పగటి వెలుగులాంటి వెలుగులో, పక్కన కొలతరాయి ఉంచి చూస్తారు. డి నుంచి జెడ్ దాకా అక్షరాలు. దీపం మారిస్తే రంగు మారుతుందని అక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు. పళ్ళ డాక్టర్ల దగ్గర కూడా అలాంటి పదహారు రంగుల పట్టీ ఉంటుంది. కరపత్రంలో 'ముందు' ఫోటో పసుపు బల్బు కింద, 'తర్వాత' ఫోటో నీలం దీపం కింద తీసినట్టు మొదట కనిపెట్టింది ఆయనే, నేను కాదు.

సెలూన్‌ను తిట్టి ఇంటి వైద్యాన్ని పొగడబోతున్నానని అనుకోకండి. నిమ్మరసం ఉప్పు కలిపి రుద్దడం ఇంకా అన్యాయం. ఎనామిల్ దాదాపు 5.5 పీహెచ్ కిందికి వస్తే కరగడం మొదలవుతుంది, నిమ్మరసం పీహెచ్ రెండు దగ్గర. బొగ్గుపొడి, కచ్చిక బూడిద గరుకు. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. ఖరీదైన ట్యూబులో నింపి అమ్మినా బొగ్గు బొగ్గే.

అలాగని "సహజంగా ఉండు, తెలుపు దేనికి" అని మా వాడికి నీతి చెప్పడం కూడా నాకు చేతకాలేదు. అందరి ముందూ నోరు విప్పి నవ్వలేనివాడికి ఆ మాట చెప్పడం సులువు. ఆడపిల్లలకైతే మరీ కష్టం, మా వైపు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు ఎందరో. కోరిక తప్పు కాదు, బేరమే తప్పు.

మర్నాడు డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు గోడకు తగిలించిన ఒక దంతవైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చూడగానే "ఏ ఊరు?" అని అడిగింది. గోధుమరంగు చారలు పైపొరను కాస్త అరగదీసి, ఆపైన తక్కువ శాతం మందు కొన్ని వారాలు వాడితే చాలావరకు తగ్గవచ్చు, తెల్లమచ్చలు మాత్రం మొదట్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించవచ్చు, ఒక పంటికి గుంటలు పడ్డాయి కాబట్టి దానికి నింపుడు తప్పదు అంది. వచ్చే నెలకు పూర్తి కాదనీ, ఏళ్ళు గడిచాక మళ్ళీ చేయించుకోవలసి రావచ్చనీ కూడా చెప్పింది. ముందు చిగుళ్ళు శుభ్రం చేయించుకోమంది.

శుభ్రం చేయించుకున్నాడు. మిగతాది పిల్లను చూసి వచ్చాక అన్నాడు. "అడిగితే మర్రిగూడ నీళ్ళని చెప్తా మామా" అని మగ్గం డ్యూటీకి పోయాడు.