గాజు వర్తకుడి మక్కా

పావులో కొయిలో ‘ఆల్కెమిస్ట్’ (1988) చదివినవాళ్లంతా, పిరమిడ్ల దగ్గరి నిధి కోసం గొర్రెల్ని అమ్ముకుని బయల్దేరిన శాంటియాగో గురించే మాట్లాడతారు. నా మనసు మాత్రం టాంజియర్‌లోని గాజు సామాన్ల వర్తకుడి దగ్గరే ఆగిపోతుంది. మక్కా వెళ్లాలన్నది ఆయన జీవితకాలపు కోరిక. శాంటియాగో పనిలో చేరాక వ్యాపారం పుంజుకుంది, చేతిలో డబ్బు ఆడింది, అయినా కదలడు. వెళ్లొచ్చాక ఇక దేనికోసం బతకాలన్నది ఆయన భయం. కలను నిజం చేసుకోవడం కన్నా భద్రంగా దాచుకోవడంలోనే ఊరట పొందే మనుషులు మన చుట్టూ ఎంతమంది! ఆ భయాన్ని కొయిలో చులకన చేయలేదు. నవలలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. కానీ మనసారా కోరితే లోకమంతా కలిసొస్తుందన్న నమ్మకాన్ని ఒప్పుకోలేను. టాంజియర్‌లో ఉన్నదంతా పోగొట్టుకున్నా శాంటియాగో నిలదొక్కుకున్నాడంటే, అతని సంపాదన మీద ఆధారపడ్డ ఇల్లు లేకపోవడం వల్లే. అందరికీ ఆ వెసులుబాటు ఉంటుందా? ఇక శాంటియాగో ప్రేమించిన ఫాతిమా. ఒయాసిస్సులో అతని కోసం ఎదురుచూడటమే ఆమె వంతు. ఆమెకూ సొంత ప్రయాణం ఒకటి రాసి ఉంటే ఇది ఇంకా పెద్ద నవల అయ్యేది. మీ పిల్లలకు ఈ పుస్తకం ఇవ్వండి. చదివాక ఫాతిమా గురించి ఏమనిపించిందో తప్పక అడగండి.