కరెంటు తీగ పెట్టి వేటంటారా?

మొన్న జనగామలో ఒక దావత్‌. ఒకాయన గర్వంగా అన్నడు: "భూపాలపల్లి దిక్కు మనోళ్లున్నరు, చెప్తే దుప్పి మాంసం వస్తది." పక్కనే ఉన్న కథలు రాసే మిత్రుడు "వేట మన సంస్కృతే కదా" అన్నాడు. నా పేచీ ఆ మాటతోనే.

వేటంటే అడుగుజాడ పట్టాలి, గాలివాటం చూడాలి, ఏదీ దొరక్కపోతే వట్టి చేతులతో తిరిగి రావాలి. అమెరికాలో ప్రభుత్వ భూముల్లో ఎల్క్‌ను వేటాడాలన్నా చాలాచోట్ల లాటరీలో అనుమతి దక్కాలి. మన దగ్గర 1972 చట్టం దుప్పి వేటనే నిషేధించింది. అయినా మహబూబాబాద్‌ జిల్లా కొత్తగూడ, గూడూరు నుంచి భూపాలపల్లి దాకా అడవి ఉన్న చోటల్లా కరెంటు తీగల భయమే. లైనుకు కొండి తగిలించి, జంతువుల దారిలో తీగ లాగి, ఇంటికెళ్లి పడుకుంటారు. ఇందులో వేటగాడెక్కడ?

తీగకు దుప్పీ మనిషీ ఒకటే. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో గ్రేహౌండ్స్‌ కానిస్టేబుల్‌ ఒకరు ఇట్లాంటి తీగ తగిలే చనిపోయాడు.

"పందులు పంట మేస్తున్నయి" అనే రైతు గోడు నిజం. పరిహారం కోసం కొట్లాడుదాం, నేనూ వస్తా. కానీ దావత్‌కొచ్చే దుప్పి మాంసానికీ ఆ గోడుకూ సంబంధం లేదు. కేసయితే ఇరుక్కునేది తీగ కట్టిన ఊరి మనిషి. ఆర్డరిచ్చినాయన హాయిగా చెయ్యి కడుక్కుంటాడు.

మిత్రమా, ఆయన ఆకలికి సంస్కృతి అని పేరు పెట్టకు.