మా సీటు, వాళ్ల బీఫారం

మాది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఎమ్మెల్యే మావోడే. గెలిచిన రాత్రి దండలతో ముందు పోయింది మాత్రం ఆసాముల మేడకే, మా పల్లెకి కాదు. ఎందుకొస్తాడు? బీఫారం ఇప్పించింది వాళ్లు, గెలిపించే ఓట్లలోనూ మావే తక్కువ. బడిలో ‘ప్రాతినిధ్యం’ పాఠం చెప్తుంటే నోరు చేదెక్కుద్ది.

ఈ మెలిక 1932 నాటిది. బాబాసాహెబ్ సాధించిన ప్రత్యేక నియోజకవర్గాల్ని గాంధీ నిరాహారదీక్ష పట్టి పోగొట్టాడు. పూనా ఒప్పందంతో సీట్లు 71 నుంచి 148 అయినయ్, ఎన్నుకునే చెయ్యి మనది కాకుండా పోయింది. 1952లో ఉత్తర బొంబాయి రిజర్వుడు సీట్లో బాబాసాహెబ్‌నే ఓడగొట్టారు. గెలిచిందీ దళితుడే, కాంగ్రెస్ టికెట్టు మీద!

ఆ ఒప్పందంలోనే పదేళ్ల గడువుతో ఒక ఏర్పాటుండేది: ముందు మన ఓటర్లే నలుగుర్ని ఎంచాలి, ఆ నలుగురిలోంచే అందరూ ఎన్నుకోవాలి. అది తిరిగిమ్మంటున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 175కి 29 సీట్లు మావంటున్నారు గదా, ఆ 29 చోట్లా నలుగురెవరో మా పల్లెల్ని తేల్చుకోనివ్వండి.