వేసవిలో గ్రంథాలయం

మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఏప్రిల్ చివరివారంలో బడి తలుపులు మూతపడి, జూన్ రెండవ వారంలో గాని తిరిగి తెరుచుకోవు. ఈ మధ్య లభించే దాదాపు 50 రోజుల కాలం తెలుగునాట పిల్లలందరికీ ఒకే విధంగా గడవదు. స్థోమత గల కుటుంబాల పిల్లలకు ఈత, సంగీతం, చిత్రలేఖనం, కంప్యూటరు వంటి వాటిలో ఏదో ఒక శిక్షణ దొరుకుతుంది. తల్లి కూలికి, తండ్రి ఆటో నడపడానికి పోయే ఇంటి పిల్లలకు వేసవి అంటే చింతచెట్టు నీడ, గోలీలాట, మధ్యాహ్నపు వడగాడ్పు, చేతికి చిక్కినంతసేపు సెల్‌ఫోను. చెట్టు నీడను, గోలీలాటను తక్కువ చేయనక్కరలేదు. అవి బాల్యానికి ఉండవలసినవే. అయితే బడి మూసిన నాటి నుంచి ఆ పిల్లల కంటికి పుస్తకం కనిపించదు. ఊరిలో రుసుము అడగకుండా, కులం అడగకుండా, మార్కులు అడగకుండా తలుపు తెరిచి ఉంచే చోటు ఒక్కటే ఉన్నది. అది ప్రజాగ్రంథాలయం. ఆ తలుపు వెనుక వేసవిలో ఏమి జరుగుతున్నదన్నది అందువల్లనే చిన్న ప్రశ్న కాదు.

జిల్లా గ్రంథాలయ సంస్థలు తమ శాఖలలో వేసవి విజ్ఞాన శిబిరాలను నిర్వహిస్తుండడం పాఠకులకు తెలిసిన విషయమే. ఎండ ముదరకముందే, ఉదయం పూట పిల్లలను పిలిచి పుస్తకపఠనం, కథాకథనం, చిత్రలేఖనం, చదరంగం, ఇంగ్లీషు సంభాషణ వంటివి చేయిస్తారు. గ్రంథపాలకుడు పుస్తకప్రియుడైన చోట ఈ శిబిరం నిజంగా పండుగ. పిల్లలు వేళకు ముందే వచ్చి తలుపు దగ్గర కాచుకొని ఉంటారు. తక్కిన చోట్ల అది ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీతో మొదలై, ముగింపు నాటి ఛాయాచిత్రంతో పూర్తవుతుంది. నడుమ రోజులలో పిల్లలు ఏ పుస్తకం చదివారో, అసలు చదివారో లేదో ఎవరూ అడగరు. మరికొన్ని చోట్ల శిబిరం బడికి కొనసాగింపుగా మారిపోయి ఎక్కాలు, వ్యాకరణం, పోటీపరీక్షల ప్రశ్నలతో నిండిపోతుంది. తల్లిదండ్రులకు ఇది నచ్చవచ్చు. కాని సెలవులలో కూడా బడినే చూపించే గ్రంథాలయానికి మరుసటి ఏడు ఏ పిల్లవాడూ తనంతట తాను రాడు.

గ్రంథాలయమంటే నిశ్శబ్దంగా కూర్చునే గది మాత్రమేనన్న భావన తెలుగువారి గ్రంథాలయ చరిత్రకు సరిపడదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ప్రభృతులకు కావలసింది పుస్తకాల బీరువా ఒక్కటే కాదు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగువారు తమ భాషలో మాట్లాడుకోవడానికి, సభ చేసుకోవడానికి ఒక చోటు కావలసివచ్చింది. 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఆ బాటలోనిదే. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడ పుట్టింది. అదీ వేసవే కావడం గమనింపదగినది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు ఈ ఉద్యమాన్ని పల్లెలకు తీసుకొనిపోయారు. ఆనాటి పల్లె గ్రంథాలయంలో అక్షరం రానివారికి పత్రిక బిగ్గరగా చదివి వినిపించేవారు. రాత్రి బడి నడిచేది. ఉపన్యాసాలు జరిగేవి. చదువరి లేని ఊరికి గ్రంథాలయమెందుకని వారు ప్రశ్నించలేదు. చదువరిని తయారుచేయడమే గ్రంథాలయం పని అనుకున్నారు.

పాఠకుడు రాకపోతే పుస్తకమే పాఠకుని వద్దకు పోవాలన్న ఆలోచన కూడా ఆ కాలానిదే. 1931లో తమిళనాట మన్నార్గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద గ్రంథాలయం పల్లెలు తిరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు ప్రాంతాన పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. కాలువ గట్టు మీది ఊళ్ళకు పుస్తకం నీళ్ళ మీద వచ్చేది. పక్కా రోడ్డు, విద్యుత్తు, కంప్యూటరు లేని రోజులలో పడవ మీద ఊరూరికి వెళ్ళిన పుస్తకం, ఇవన్నీ ఉన్న రోజులలో బీరువాలో తాళం వెనుక ఉండడం వింతయే.

తాళానికి కారణం లేకపోలేదు. గ్రంథపాలకుడు తన ఆధీనంలోని ప్రతి పుస్తకానికి లెక్క చెప్పవలసినవాడు. పోయిన పుస్తకం వెల తన జీతంలో నుంచి పోతుందేమోనన్న భయం ఉన్నప్పుడు రంగుబొమ్మల పుస్తకాన్ని ఆరేళ్ళ పిల్లవాని చేతికి ఇవ్వడానికి అతడు జంకుతాడు. ఇది అతని సంకుచితత్వం కాదు, నిబంధనల లోపం. గ్రంథాలయ శాస్త్రానికి భారతదేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో మొట్టమొదటి స్థానం పుస్తక వినియోగానికే ఇచ్చారు. ఇరవైమంది పిల్లల చేతులలో నలిగి, అట్ట ఊడిన కథల పుస్తకం చేయవలసిన పని చేసింది. పదేళ్ళు చెక్కుచెదరకుండా నిలిచినదే నిజానికి నష్టం. బాలల విభాగంలో ఏటా కొన్ని పుస్తకాలు చిరగడాన్ని, పోవడాన్ని సహజమైన వ్యయంగా లెక్కగట్టి, ఆ మేరకు గ్రంథపాలకునికి భరోసా ఇవ్వడం ప్రభుత్వానికి పెద్ద భారం కాదు.

సెలవులలో చదవడం ఆగిపోతే ఏమవుతుందన్న విషయంపై అమెరికాలో చాలా పరిశోధన జరిగింది. 1996లో హారిస్ కూపర్, ఆయన సహచరులు పాత అధ్యయనాలను కలిపి పరిశీలించి, పిల్లలు వేసవిలో సగటున ఒక నెల చదువుకు సమానమైన వెనుకబాటు పొందుతున్నారని, చదివే శక్తి విషయంలో పేదపిల్లలు మరింత నష్టపోతున్నారని తేల్చారు. ఆ కొలతల మీద తరువాతి పండితులకు భేదాభిప్రాయాలున్నాయి. అయినా మూలసూత్రం సాధారణ అనుభవానికి అందనిది కాదు. గుణింతాలు, వత్తులు అప్పుడప్పుడే పట్టుబడుతున్న రెండో తరగతి పిల్లవాడు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదువుతాడు. వాక్యం చివరికి చేరేసరికి మొదటి మాట మరచిపోతాడు. అతని శ్రద్ధ అంతా అక్షరం మీదనే ఖర్చవుతుంది గనుక అర్థానికి మిగలదు. అక్షరం చూడగానే మాట తోచే స్థితి అభ్యాసం వల్లనే వస్తుంది. ఆ అభ్యాసం సరిగ్గా కుదురుకోబోయే సమయంలో 50 రోజులు పుస్తకం ముట్టకపోతే, జూన్‌లో ఆ పిల్లవాడు మళ్ళీ కూడబలుక్కోవడం దగ్గర నిలుస్తాడు. పక్క బల్ల మీది పిల్లవాడు, ఇంట్లో కథల పుస్తకాలున్నవాడు, ముందుకు పోయి ఉంటాడు. ఇద్దరి మధ్య దూరం బడి పెంచింది కాదు, సెలవులు పెంచినవి. బ్రిటన్‌లో 1999 నుంచి ప్రజాగ్రంథాలయాలు నిర్వహిస్తున్న వేసవి పఠన కార్యక్రమంలో పిల్లలకు ఇచ్చే లక్ష్యం ఆరు పుస్తకాలు. ఏ పుస్తకాలన్నది పిల్లల ఇష్టం. పరీక్ష ఉండదు. తెలుగునాట శిబిరాలకు ఇంతకన్నా పెద్ద ప్రణాళిక అక్కరలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఎదురవుతుంది. నేడు పట్టణాలలోని గ్రంథాలయాలను నింపుతున్నవారు ఉద్యోగపరీక్షలకు సిద్ధమవుతున్న యువతీయువకులు. ఇరుకు గదిలో నలుగురితో కలిసి అద్దెకుండేవారికి, గ్రంథాలయం తప్ప చదువుకునే చోటు లేనివారికి, పిల్లల అల్లరి నిజంగా ఇబ్బందే. కొందరు మధ్యాహ్నం క్యారేజీ కూడా తెచ్చుకొని, చీకటి పడేదాకా కదలరు. వారి బతుకు ఆ కుర్చీ మీద ఆధారపడి ఉన్నది. పిల్లల కోసం వారిని బయటకు పంపమనడం క్రూరత్వం. అయితే వారి కోసం పిల్లలను రావద్దనడం కూడా అన్యాయమే. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయన్న నాట పిల్లల కార్యక్రమం ఎలాగూ ఉదయం 8 గంటల నుంచి 11 గంటల లోపే సాగాలి. ఆ మూడు గంటలు వరండానో, ఆవరణలోని చెట్టు కిందనో, పక్క బడిలోని ఖాళీ గదినో వాడుకోవచ్చు. వేసవిలో ప్రభుత్వ పాఠశాలల గదులు తాళం వేసి ఉంటాయి. తాళం తీయడానికి కావలసింది ప్రధానోపాధ్యాయుని అనుమతి మాత్రమే. ఈ తగవులో నిజమైన దోషి స్థలాభావం. ఆ మాట వదిలి పాఠకులు ఒకరినొకరు తప్పుపట్టుకోవడం అధికారులకు సుఖంగా ఉంటుంది.

స్థలం, పుస్తకాలు, సిబ్బంది ఏది అడిగినా డబ్బు లేదన్న సమాధానం వినవస్తుంది. ఈ సమాధానాన్ని కొంచెం ఆగి పరిశీలించవలసి ఉన్నది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అది ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. వేయి రూపాయల ఇంటిపన్ను కట్టే గృహస్థు గ్రంథాలయానికి 80 రూపాయలు కడుతున్నాడన్నమాట. రసీదు చూసుకోనివారికి ఈ సంగతే తెలియదు. అద్దె ఇంటివారు కూడా అద్దె రూపంలో ఇందులో తమ వంతు మోస్తూనే ఉన్నారు. పంచాయతీలు, పురపాలక సంఘాలు ఈ సొమ్మును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టాలి. అలా జమ కాకుండా బకాయిలు పేరుకుపోతున్నాయన్న వార్తలు పత్రికలలో తరచుగా వస్తూనే ఉంటాయి. వీధి దీపాలకో, జీతాలకో వాడుకున్నామని స్థానిక సంస్థలు చెప్పుకోవచ్చు. వాటి ఇబ్బంది వాటికి ఉండవచ్చు. కాని గ్రంథాలయం పేరు చెప్పి తీసుకున్న పైసలు గ్రంథాలయానికి చేరకపోవడం ధర్మం కాదు. పిల్లల శిబిరానికి ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్న అసలు పుట్టకూడదు. ఊరివారు ఆ ఖర్చు ముందే పెట్టి ఉన్నారు. తమ ఊరి నుంచి ఏటా ఎంత గ్రంథాలయ పన్ను వసూలయింది, ఎంత జమ అయింది అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా దరఖాస్తు పెట్టి అడగవచ్చు.

డబ్బుతో పనిలేనివి కూడా కొన్ని ఉన్నాయి. కథ చెప్పడానికి జీతగాడు అవసరం లేదు. పేదరాశి పెద్దమ్మ కథలు, కాశీమజిలీ కథలు తెలిసిన అవ్వలు, తాతలు ప్రతి వాడలోనూ ఇంకా మిగిలి ఉన్నారు. వారిని వారానికొకరిని పిలిచి కథ చెప్పించవచ్చు. పిల్లలు విన్న కథను తమ మాటల్లో రాసి, బొమ్మ వేసి, కుట్టి ఉంచితే అది ఆ గ్రంథాలయానికి ఇంకెక్కడా దొరకని పుస్తకం. చేనేత ఊరిలో నేతగాడు, కొండపల్లిలో బొమ్మలు చేసే కళాకారుడు, తోలుబొమ్మలాట తెలిసిన కుటుంబం పిల్లల ముందు కూర్చుంటే, పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా చదివినది కళ్ళ ముందు నిలుస్తుంది. మన్యంలోని శాఖలలో గోండి, కోయ, సవర భాషల కథలకు కూడా చోటివ్వాలి. ఇంటి భాషలో కథ విన్న పిల్లవాడు తెలుగు పుస్తకానికి భయపడడు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసినది. చాలా పల్లెలలో పత్రికలు చదివే బల్ల చుట్టూ కనిపించేవారు పురుషులే. ఎవరూ రావద్దని అనరు. అయినా పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్ల ఆ గదిలోకి అడుగుపెట్టడానికి సంకోచిస్తుంది. ఉదయం పూట పిల్లల శిబిరం నడిచే చోటికి మాత్రం ఆమె తమ్ముని చెయ్యి పట్టుకొని వస్తుంది. వెంట ఒక్కొక్కసారి తల్లి కూడా వస్తుంది. తమ్ముడు బొమ్మలు వేసేలోగా ఆమె ఒక నవల తెరుస్తుంది. ఇంకే ప్రచారం చేయలేని పని ఈ రాకపోక చేయగలదు. శిబిరం ఎంతమందికి శిక్షణ ఇచ్చిందన్న లెక్కతో పాటు, ఎంతమంది తొలిసారి గడప దాటారన్న లెక్క కూడా వేయాలి.

ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఇందులో సహజమైన స్థానం ఉన్నది. గ్రంథపాలకుడు ఒక్కడే ఉండి, అతడే తలుపు తీసి, అతడే ఊడ్చి, అతడే రిజిస్టరు రాసే శాఖలలో నలభైమంది పిల్లలను సంబాళించడం అసాధ్యం. ఖాళీగా ఉన్న పోస్టులు నింపమని అడగడం మానకూడదు. స్వచ్ఛంద సేవ జీతగాళ్ళ కొరతకు ముసుగు కారాదు. కాని పదిహేడేళ్ళ అక్కయ్యో, అన్నయ్యో ఐదుగురు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని కథ చదివి వినిపించడం ఏ ఉద్యోగీ చేయలేని పని. పిల్లలకు ఉపాధ్యాయునితో ఉండే బెదురు వారితో ఉండదు. జాతీయ సేవా పథకంలో ఉన్న కళాశాలలు ఈ సేవను కూడా చెట్లు నాటడంతో సమానంగా లెక్కించవచ్చు.

శిబిరం ముగింపు నాడు పిల్లలకు ప్రశంసాపత్రం ఇవ్వడం పరిపాటి. అది ఇంట్లో గోడకు వేలాడుతుంది, లేదా పెట్టెలో పడుతుంది. దాని బదులు గ్రంథాలయ సభ్యత్వ కార్డు ఇస్తే బాగుంటుంది. దరావతు సొమ్ము కట్టలేని పిల్లల తరఫున ఊరిలో ఎవరైనా కట్టవచ్చు. జిల్లా సంస్థ మాఫీ చేస్తే మరీ మంచిది. జూన్‌లో బడి తెరిచిన తరువాత కూడా సాయంత్రం వచ్చి పుస్తకం ఇంటికి తీసుకొనిపోవడానికి అది పనికివస్తుంది. ఆ కార్డు మీద సభ్యుని పేరు రాయవలసిన చోట, గ్రంథపాలకుడు కాక, ఆ పిల్లవాడే తన చేతితో రాసుకోవాలి.